మా వీధి నీళ్ల ట్యాంకరు

మా వీధి మలుపు దగ్గర, కరెంటు స్తంభాన్ని ఆనుకుని, చిన్న ఆకుపచ్చ కారు ఒకటి నిలబడి ఉండేది. నాలుగు తలుపులు, నాలుగు చక్రాలు, వెనక అద్దం మీద ఎవరో అంటించి పీకేసిన బొమ్మ తాలూకు జిగురు మరక. చూసినవాళ్లకు అది కారులాగే కనిపించేది. అది వాళ్ల కళ్ల దోషం. అధికారిక లెక్కల ప్రకారం అది ఆరు చక్రాల నీళ్ల ట్యాంకరు. దాని పొడవు, బరువు, పట్టే నీళ్ల పరిమాణం, అన్నీ గుండ్రటి ముద్రతో సహా కాగితం మీద ఉన్నాయి. కారుకు ముద్ర లేదు. కాబట్టి ఆ రెండింటిలో దేన్ని నమ్మాలో బుద్ధిమంతులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ట్యాంకరు యజమానురాలు మా టైలరమ్మ. మా వీధిలో ఆడవాళ్లందరి భుజాల కొలతలూ, వాటితోపాటు కష్టసుఖాలూ ఆవిడకు తెలుసు. ఏళ్ల తరబడి మిషను మీదికి వంగి కుట్టీ కుట్టీ ఆవిడ మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది. డాక్టరు చూసి, "మందులు ఎన్నైనా రాస్తానమ్మా, కానీ మెడ వంచి చేసే పని మానకపోతే చెయ్యి కూడా పడిపోతుంది," అన్నాడు. ఆవిడ మూడు రోజులు ఆలోచించి, రెండు కుట్టుమిషన్లూ అమ్మేసింది. డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పినతను ఆవిడ కుట్టులాగే డ్రైవింగ్ కూడా వంకర లేకుండా ఉందని మెచ్చుకున్నాడు. బడి తెరిచేనాటికి ఒక కారు కొనుక్కుని, మా వీధి పిల్లల్ని పొద్దున దింపి, సాయంత్రం తీసుకురావాలని ఆవిడ ఏర్పాటు. ఐదిళ్లవాళ్లం సరేనన్నాం. మా మనవరాలు కూడా అందులో ఒకతి. బడివాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: బండి కాగితాలు నడిపేవాళ్ల పేరు మీద ఉండాలి, లేకపోతే గేటు దాటనివ్వరు. ఇంత చిన్న షరతుకు ఎవరు భయపడతారు?

ఆవిడ భర్త మందుల కంపెనీ గోడౌన్లో స్టోర్ కీపరు. పనిలో మహా గట్టివాడని పేరు. లారీ వచ్చి నిలబడితే, కాగితంలో ఉన్న ప్రతి పెట్టెనూ వేలితో తట్టి లెక్క చూసుకోనిదే తాడు విప్పనివ్వడు. ఒకసారి దగ్గు మందు పెట్టె ఒకటి తక్కువైందని కంపెనీ యజమాని సొంత తమ్ముడి లారీనే వెనక్కి తిప్పి పంపాడు. అయితే ఆ గట్టితనం గోడౌన్ గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు దాటి బయటికొస్తే ఆయన మనిషి మనిషంతా మొహమాటం. కూరలవాడు పుచ్చు వంకాయలు తూస్తే, "పాపం, చూసుకోలేదేమో" అని సంచి ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకుంటాడు. ఇలాంటి మనుషుల వల్లే లోకంలో స్నేహాలూ చుట్టరికాలూ నిలబడుతున్నాయని మేమందరం ఒప్పుకుంటాం.

కారు అమ్మినాయన్ని అందరూ "నమ్మకం గారు" అంటారు. ఆయన పాత బళ్ల దుకాణం బోర్డు మీద అడ్డంగా అదే మాట ఉంటుంది. స్టోర్ కీపరు గారి అక్కమొగుడికి ఆయన చిన్ననాటి స్నేహితుడు. ఆ బంధుత్వం చాలు.

"మావాడి బావమరిది అంటే నాకూ బావమరిదే," అని నమ్మకం గారు భార్యాభర్తలను దుకాణంలో మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. కారు చూపించాడు. టైలరమ్మ బానెట్ ఎత్తించి చూసింది, చుట్టూ తిరిగి తలుపులు వేసి తీసింది, వీధి చివరిదాకా నడిపి తెచ్చింది. కారు బాగుంది. డబ్బు ఇచ్చారు. అప్పుడు నమ్మకం గారు ఎర్ర మఖమలు సంచీలో పెట్టి బండి కాగితాలు అందించాడు.

"కావాలంటే ఒకసారి చదువుకోండి బావమరిదీ," అన్నాడు నవ్వుతూ.

"ఛఛ! మీ దగ్గర చదవడమేమిటి బావగారూ!" అని స్టోర్ కీపరు సంచీని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. టైలరమ్మ సంచీ ముడి మీద చెయ్యి వేసింది. ఆయన బల్ల కింద ఆవిడ కాలు తొక్కాడు. చేతిలో కాఫీ కప్పు ఉండగా, కాఫీ ఇచ్చిన మనిషి కళ్లెదుట, ఆయన ఇచ్చిన కాగితం చదవడం ఎంత పెద్ద అవమానమో పెద్దింటి మర్యాదలు తెలిసిన మీకు చెప్పేదేముంది? ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. తాళాలు పట్టుకుని ముగ్గురూ ఫొటో దిగారు. ఫొటోలో ముగ్గురూ బాగా నవ్వారు.

నాలుగు రోజుల తరవాత పేరు మార్పించుకోవడానికి టైలరమ్మ వాహనాల ఆఫీసుకు వెళ్లింది. కిటికీలో కూర్చున్న గుమస్తా కాగితాలు తిప్పి చూసి, మెడ సాచి బయటికి చూశాడు.

"ట్యాంకరేదమ్మా?"

"ట్యాంకరేమిటండీ? అదిగో, ఆ కారు."

"నేను కారు అడగలేదమ్మా. ట్యాంకరేదీ అంటున్నా. నీళ్ల ట్యాంకరు. ఆరు చక్రాలు."

ఆవిడ కిటికీలోంచి కాగితం లాక్కున్నట్టే తీసుకుని చదివింది. నంబరు ప్లేటు మీది నంబరు ఒక్కటే సరిపోయింది. తక్కినదంతా వేరే బండిది.

"కాగితం తప్పుగా వచ్చిందండీ," అంది.

గుమస్తా ముఖంలో, ఎవరో వాళ్లమ్మను తిట్టినట్టు బాధ కనిపించింది. "కాగితంలో తప్పుండదమ్మా. ఇది ఆఫీసు కాగితం. తప్పంటూ ఉంటే బండిలో ఉండాలి," అని ఆయన ఓపికగా వివరించి, "తనిఖీ" అనే కిటికీకి పంపాడు.

ఆవిడ ముందు నమ్మకం గారి దగ్గరికే వెళ్లింది. మీరనుకుంటున్నంత చెడ్డవాడు కాడాయన. తప్పును ఒక్క క్షణం కూడా దాచలేదు.

"అయ్యయ్యో, చిన్న పొరపాటు చెల్లెమ్మా. అదే వారం ఒక ట్యాంకరు కూడా అమ్మాను. సంచీలు మారిపోయి ఉంటాయి, ప్లేటు కూడా మా కుర్రాళ్లు కాగితం చూసి బిగించినట్టున్నారు. రెండూ ఎర్ర సంచీలే కదా!"

"అయితే ఆయన దగ్గర మా కాగితాలు ఉంటాయిగా? తెప్పించండి."

"ఎవరి దగ్గర?"

"ట్యాంకరు కొన్నాయన దగ్గరండీ."

"ఆయనెవరో నేనడగలేదమ్మా. డబ్బిచ్చి కొనుక్కునే పెద్దమనిషిని పట్టుకుని నువ్వెవరు, నీ ఊరేది అంటే ఏం బాగుంటుంది?" నమ్మకం గారు కాసేపు ఆలోచించి మురిసిపోయాడు. "అయినా చూశావా, చేతిలో కారు కాగితాలు పెట్టుకుని ట్యాంకరు నడుపుకుంటున్నాడు, ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఎంత ఉత్తముడై ఉంటాడు!"

ఆ ఉత్తముణ్ణి ఆదర్శంగా తీసుకోమని చెప్పి, కాఫీ ఇచ్చి పంపాడు.

తనిఖీ అధికారి మాత్రం పని దొంగ కాడు. కారు చుట్టూ టేపు పట్టుకుని తిరిగి, పక్షం రోజులకల్లా నోటీసు పంపించాడు. "సదరు నీళ్ల ట్యాంకరును పరీక్షించగా రెండు చక్రాలూ, ఒక నీళ్ల ట్యాంకూ కనిపించలేదు. వాహనం పొడవు సగానికి సగం తగ్గి ఉన్నది. ఈ తగ్గుదలకు యజమాని కారణం తెలుపవలెను. తెలుపనిచో ప్రజోపయోగ వాహనమును అక్రమముగా కుదించినందుకు చర్య తీసుకొనబడును." టైలరమ్మ బట్టను కుదించి కుట్టడంలో ఆరితేరినదే గాని, ట్యాంకరును కుదించిందని ఆవిడ మీద అభియోగం రావడం అదే మొదలు.

ఈ వార్త వీధిలో తెలియగానే మేమందరం సంతోషించాం. నీళ్ల ఎద్దడి రోజులు. మేడ మీది పంతులమ్మ అప్పుడే రెండు బిందెలు తోమి మెట్ల మీద బోర్లించింది.

"మన వీధిలోనే ట్యాంకరుండగా మనకు నీళ్ల కరువేమిటమ్మా? వారానికొక్కసారి ఇటు తిప్పితే చాలు," అంది.

"అది కారు పిన్నిగారూ," అంది టైలరమ్మ.

"కాదన్నానా? కారే. కానీ ట్యాంకరు కదా!"

ఇన్సూరెన్సు ఏజెంటు ఆ సాయంత్రమే వచ్చి, ట్యాంకర్లకు కిస్తీ వేరుగా ఉంటుందనీ, ఈ ట్యాంకరు దేన్నైనా గుద్దినా, దీన్ని ఏదైనా గుద్దినా కంపెనీ పైసా ఇవ్వదనీ, ఈ ఒక్క చిన్న విషయం వదిలేస్తే పాలసీ దివ్యంగా ఉంటుందనీ చెప్పి సంతకం పెట్టమన్నాడు. టైలరమ్మ పెట్టలేదు. మొండి మనిషి అని మాకు అప్పుడే కొద్దిగా అనుమానం వచ్చింది.

స్టోర్ కీపరు అలా కాదు. నోటీసు చదివి ఆయన నిజంగా బాధపడ్డాడు. ఆఫీసువాళ్లను, అటు బావగారి స్నేహితుణ్ణి, ఎవరినీ నొప్పించకుండా దారి వెతికాడు. ఆదివారం పాత సామాను దుకాణానికి వెళ్లి ఒక నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి కారు పైకప్పు మీద తాళ్లతో కట్టాడు. రెండు అరిగిపోయిన చక్రాలు తెచ్చి డిక్కీకి వేలాడదీశాడు.

"ఏమిటండీ ఇది?" అంది టైలరమ్మ గుమ్మంలో నిలబడి.

"కాస్త కాగితానికి దగ్గరగా ఉంటుందని."

"పిల్లలెక్కాల్సిన కారండీ అది!"

"ఎక్కుతారులే. డ్రమ్ము పైన కదా కట్టాను. లోపల కట్టలేదుగా?"

మళ్లీ తనిఖీకి తీసుకెళితే అధికారి డ్రమ్మును వేళ్లతో కొట్టి చూసి, యజమాని సహకార ధోరణిని ఎంతగానో అభినందించాడు. "లోపములు సవరించు దిశగా వాహనము పురోగమించుచున్నది," అని రాశాడు. పొడవు విషయంలో కూడా ఇదే శ్రద్ధ చూపితే మూడు నెలల్లో పేరు మార్పు పూర్తవుతుందన్నాడు. బడి తెరవడానికి అప్పటికి మూడు వారాలుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పేటలో "కొనుగోలుదారుల హక్కుల మహాసభ" జరిగింది. ముఖ్య అతిథి నమ్మకం గారే. పాత వాహనాల వర్తక సంఘానికి ఆయన అధ్యక్షుడు కాబట్టి, కొనేవాళ్ల కష్టాలు ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తాయి? దండలు పడ్డాక మైకు ముందుకు వచ్చాడు.

"సోదరులారా, సోదరీమణులారా! కొనుగోలుదారుడు రాజు! మేము సేవకులం! నేను ఈ వేదిక మీద గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. ఏ వ్యాపారి అయినా మీకు బండి ఒకటి, కాగితం ఒకటి అంటగడితే ఊరుకోవద్దు! సరైన కాగితాలు తెచ్చి ఇవ్వమనండి. తేలేకపోతే బండి వాడి మొహాన పడేసి, ఇచ్చిన డబ్బు మొత్తం వెనక్కి అడగండి. అది దానం కాదు, దయ కాదు, హక్కు! చట్టం మీకిచ్చిన హక్కు! చదవకుండా తీసుకున్నారు గనక అది మీ ఖర్మ అని ఎవడైనా అంటే వాడి మాట చెల్లదు! ఆ హక్కు అడగడానికి సిగ్గుపడినవాడు మనిషే కాదు!"

చప్పట్లతో షామియానా ఊగిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు స్టోర్ కీపరు. పక్క కుర్చీలో టైలరమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ప్రతి మాటా మనసులో మడత పెట్టుకుంటున్నట్టు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ డ్రమ్మూ, చక్రాలూ విప్పించి, కారును నడుపుకుంటూ వెళ్లి నమ్మకం గారి దుకాణం ముందు ఆపింది. తాళాలు బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పినట్టే వచ్చానన్నయ్యగారూ. కాగితాలన్నా ఇప్పించండి, డబ్బన్నా ఇవ్వండి."

"నేను చెప్పానా? ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. మైకులో."

నమ్మకం గారు తాళాలు మెల్లగా ఆవిడ వైపు జరిపాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

"అమ్మా, అది ఉపన్యాసం."

"అవునండీ. నేను కూడా విన్నాను."

"ఉపన్యాసం వింటారు తల్లీ, చప్పట్లు కొడతారు, ఇంటికెళతారు. దాన్ని పట్టుకుని దుకాణానికి వస్తారా ఎవరైనా? ఇన్నేళ్లుగా చెబుతున్నాను, ఒక్కరొచ్చారా? పోయినేడాది ఇంతకంటే గట్టిగా చెప్పాను!"

దుకాణంలో పనివాళ్లు కూడా తలలూపారు. ఆ మాట నిజమే. పోయినేడాది ఇంకా గట్టిగా చెప్పాడు.

సాయంత్రానికల్లా స్టోర్ కీపరు గారి అక్కా, ఆవిడ భర్తా దిగారు. బావగారు పడక కుర్చీలో కూర్చుని చాలాసేపు పైకప్పుకేసి చూశాడు. అక్కగారు మాత్రం చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏమ్మా, దుకాణం మీదికి పోయావుట?"

"దుకాణంలోకి పోయాను వదినా. మీదికి పోలేదు."

"అంతమందిలో తాళాలు బల్ల మీద పడేశావుట?"

"పెట్టాను."

"ఇప్పుడు మీ అన్నయ్యగారు ఆయన ముఖం ఎలా చూస్తారు? పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చునే మనుషులు! ఒక కాగితం కోసం ఇంత రాద్ధాంతమా? మా ఇంటి కాగితంలో మా మామగారి పేరే తప్పు. ముప్పయ్యేళ్లుగా ఎవరి పేరు మీదో ఉన్న ఇంట్లో ఉంటున్నాం. ఏమైంది? సర్దుకుపోయాం."

"మీ ఇల్లు బడి గేటు దాటక్కర్లేదు కదా వదినా."

బావగారు పైకప్పు మీంచి చూపు దింపి, తన స్నేహితుడి తరఫున ఒక పెద్దమనిషి ఒప్పందం ప్రతిపాదించాడు. కారు టైలరమ్మ దగ్గరే ఉంటుంది. కాగితాల సంగతి ఎవరూ ఎత్తరు. నమ్మకం గారు పండగకూ పబ్బానికీ పలకరిస్తూ ఉంటాడు.

"ఇందులో నాకేమొచ్చింది అన్నయ్యగారూ?" అంది టైలరమ్మ.

"మాట పడకుండా ఉంటావు."

"నా మిషన్లు అమ్ముకున్నాను. ఈ మెడతో ఇంకో మిషను ముందు కూర్చోలేను. బడి తెరిచేలోపు కారు రోడ్డెక్కకపోతే నా చేతిలో పనుండదు. మాట పడకుండా ఉండి ఏం కుట్టను?"

అక్కగారు కళ్లొత్తుకుంది. స్టోర్ కీపరు అందరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. టైలరమ్మ మర్నాడే వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు ఇచ్చింది.

ఫోరం గది చిన్నది. మూడు బల్లలు, తిరుగుతూ కిర్రుమనే ఫ్యాను, కాలు విరిగి గోడకు ఆనించిన బెంచీ. అధ్యక్షురాలు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని వింటుంది. నమ్మకం గారి వకీలు వాదన ఎంత పకడ్బందీగా ఉందంటే, అందులో ఒక వాక్యం ఇంకో వాక్యాన్ని నరికేస్తున్నా ఎవరికీ నొప్పి తెలియలేదు.

"అమ్మా, మా కక్షిదారు కాగితాలన్నీ అక్షరం అక్షరం చదివి వినిపించి మరీ ఇచ్చారు. ఫిర్యాదుదారు అన్నీ తెలిసే కొన్నారు. ఒకవేళ చదివి వినిపించలేదనుకున్నా, చదువుకోకపోవడం వారి తప్పు. ఒకవేళ చదువుకున్నా, ఎదురుగా ఉన్నది కారని కళ్లుండి కూడా గ్రహించలేకపోవడం వారి లోపం. ఏ విధంగా చూసినా మా కక్షిదారు అమ్మడం తప్ప ఏ పాపమూ ఎరగరు."

"చదివి వినిపించారా?" అని అధ్యక్షురాలు టైలరమ్మను అడిగింది.

"లేదండీ."

"ఆవిడ అలాగే అంటుంది," అన్నాడు వకీలు. "ఆ సమయంలో వారి భర్త పక్కనే ఉన్నారు. వారు మర్యాదస్తులు. వారినే అడగండి."

అలా కేసంతా వచ్చి స్టోర్ కీపరు గారి నెత్తిన కూర్చుంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఎదురుగా నమ్మకం గారు ఆప్యాయంగా నవ్వి, "బావమరిదీ, నీరసంగా ఉన్నావేం? కూర్చునే చెప్పు," అన్నాడు. వెనక బెంచీలో బావగారు దగ్గాడు. స్టోర్ కీపరు చొక్కా గుండీ ఒకటి తిప్పడం మొదలుపెట్టాడు.

"చెప్పండి. ఆయన కాగితాలు చదివి వినిపించారా?"

"ఆయన చాలా మంచివారండీ."

"అది నేనడగలేదు."

"మా బావగారికి ప్రాణ స్నేహితులండీ."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరేం చేస్తుంటారు?"

"స్టోర్ కీపర్నండీ. మందుల గోడౌన్లో."

"లారీలో వచ్చిన సరుకు కాగితంతో సరిపోకపోతే ఏం చేస్తారు?"

ఈ ప్రశ్న వినగానే ఆయన నడుము నిటారుగా అయింది. "ఒక్క పెట్టె తేడా ఉన్నా దించుకోనండీ. దేవుడు తెచ్చినా సరే, వెనక్కి పంపుతాను."

"మరి ఇక్కడ ఎందుకు చూసుకోలేదు?"

"ఇక్కడ కాఫీ ఇచ్చారండీ."

గదిలో ఎవరూ నవ్వలేదు. అందరూ ఎక్కడో ఒకచోట ఆ కాఫీ తాగినవాళ్లే.

"ఆఖరిసారి అడుగుతున్నాను. చదివి వినిపించారా, లేదా?"

స్టోర్ కీపరు భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. ఎడమ చేత్తో మెడ పట్టుకుని, దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుకుంటోంది. ఎన్నేళ్లుగానో ఆయన పడుకునే ముందు రోజూ చూస్తున్నదే. చొక్కా గుండీ ఊడి కింద పడింది.

"లేదండీ," అన్నాడు. పెళ్లయ్యాక గోడౌన్ బయట ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలని టైలరమ్మ తరవాత చెప్పింది. "చదువుకోమన్నారు, నేనే వద్దన్నాను. వినిపించడం మాత్రం వినిపించలేదు." ఆ వెంటనే నమ్మకం గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "క్షమించండి బావగారూ."

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. బండికీ కాగితాలకూ పొంతన లేని అమ్మకం చెల్లదు. వ్యాపారి కారు తీసుకుని డబ్బు మొత్తం, తిరిగిన ఖర్చులతో సహా, తిరిగి ఇవ్వాలి. కొనుగోలుదారు కాగితం చదవలేదన్న కారణంతో వ్యాపారి బాధ్యత తీరిపోదు. చివర్లో అధ్యక్షురాలు ఒక మాట విడిగా రాసింది: కాఫీ తాగడం హక్కును వదులుకోవడం కిందికి రాదు.

నమ్మకం గారు డబ్బు కట్టాడు. ఆయన పరువుకేమీ కాలేదు. "చూశారా, మనం చెప్పిన హక్కు ఎంత బాగా పనిచేస్తోందో!" అని మరుసటి సభలో చెప్పుకున్నాడు కూడా. ఆ ఆకుపచ్చ కారు ఆయన దుకాణంలో మళ్లీ వరుసలో నిలబడింది. ఎర్ర సంచీలు కొత్తవి కుట్టించాడు.

టైలరమ్మ ఆ డబ్బుతో ఇంకోచోట ఇంకో కారు కొంది. ఈసారి దుకాణంలో కాఫీ వద్దంది. కాగితాలు బల్ల మీద పరుచుకుని, ఇంజను నంబరు దగ్గర వంగి చూసి, రంగు దగ్గర్నించి సీట్ల దాకా ఒక్కొక్కటీ సరిచూసుకుంది. దుకాణం ఆయన చిన్నబుచ్చుకున్నాడు. స్టోర్ కీపరు బయట చెట్టు నీడలో నిలబడి, ఎవరూ తనను చూడకుండా చూసుకున్నాడు. పేరు మార్పు రెండు రోజుల్లో అయిపోయింది. బడి తెరిచి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. ఆవిడ సంతోషంగా మా ఐదిళ్లకూ వచ్చింది. వచ్చి, ఎవరూ అడగకుండానే, బండి కాగితాలు, లైసెన్సు, ఇన్సూరెన్సు మా ముందు పెట్టింది.

"ఒకసారి చదువుకోండమ్మా. చదివాకే పిల్లల్ని పంపండి," అంది.

మేము ఐదిళ్లవాళ్లం ఆ రాత్రి మాట్లాడుకున్నాం. కాగితాలు బాగానే ఉన్నాయి. డ్రైవింగ్ బాగానే ఉంది. మనిషి గురించి వంక పెట్టడానికేమీ లేదు. అయినా ఎక్కడో మనసొప్పలేదు. కట్టుకున్నవాణ్ణి కోర్టులో నిలబెట్టి నిజం చెప్పించిన మనిషి. అయినవాళ్లను బోనెక్కించిన మనిషి. రేపు మనం ఒక రోజు ఆలస్యంగా పిల్లను గేటు దగ్గరికి తెచ్చామనుకోండి, ఏ హక్కు తీస్తుందో ఏమో! పైగా ఆ చదవమనడం ఒకటి. మన ముందు కాగితం పెట్టి చదవమంటే, మనకు ఆవిడ మీద నమ్మకం లేదని ఆవిడే అంటున్నట్టు కాదూ?

ఆవిడకు ఈ సంగతి చెప్పడానికి మాకు మొహమాటం అడ్డొచ్చింది. అందుకని చెప్పలేదు. రెండు రోజులు ఆవిడ పొద్దున్నే కారు తుడుచుకుని మలుపులో నిలబడి, మా పిల్లలు ఇంకో బండి ఎక్కడం చూసి, తనే అర్థం చేసుకుంది. ఇప్పుడు అవతలి పేటలో ఆసుపత్రి నర్సుల్ని డ్యూటీకి దింపుతోందట. వాళ్లకు కాగితాలు చదివే అలవాటుందట. ఏం మనుషులో!

మా పిల్లలు ఎక్కే బండి తెల్లది, పెద్దది. నడిపేవాడు బంగారం లాంటి మనిషి. ఎవరు తీసుకొచ్చారో, ఎక్కడివాడో సరిగ్గా తెలియదు గానీ, పొద్దునా సాయంత్రమూ తప్పకుండా నమస్కారం పెడతాడు. బడి గేటు దాకా రాడు, వెనక సందులో దింపుతాడు, అదొక్కటే. మా కోడలు నిన్న పట్టుబట్టింది, "అత్తయ్యా, ఒక్కసారి ఆ బండి కాగితాలు చూపించమనండి," అని. అడుగుదామనే ఈ పొద్దున మనవరాలి చెయ్యి పట్టుకుని బండి దాకా వెళ్లాను. నోరు తెరిచాను కూడా. ఆయన తలుపు తీసి, "మామ్మగారూ, ఎండలో మీరెందుకొచ్చారు? పిలిస్తే నేనే వచ్చి పాపను ఎక్కించుకునేవాణ్ణి కదా," అన్నాడు.

అంత మాటన్నాక ఎలా అడుగుతాం?

పిల్ల ఎక్కి కూర్చుంది. తలుపు మొదటిసారి పడలేదు, రెండోసారి గట్టిగా వేస్తే పడింది. నేను చెయ్యి ఊపాను. మీరైతే అడిగేవారనుకుంటాను. మీ పిల్లలు ఈ పొద్దున ఎక్కి వెళ్లిన బండి కాగితాలు మీరు చూసే ఉంటారు కదా?